పొయ్యిలోకి పోయే కట్టెలో బొమ్మ ఉంది!

పాత నాగలి ముక్క, సర్కారు తుమ్మ మొద్దు, అరిగిన నాడె... వేసవి తీరికలో రైతు ఇంట తయారయ్యే ఆట వస్తువులు

మంగళగిరి: మిరప కోతలు ముగిశాయి. పత్తి ఆఖరి తీత కూడా అయిపోయి కట్టె పీకేశారు. కళ్లం ఊడ్చేశారు. ఇక తొలకరి దాకా చేతికి పెద్దగా పని ఉండదు. సరిగ్గా ఈ రోజుల్లోనే మన ఇళ్లలో ఒక పని జరుగుతుంది. దొడ్లో మూలన పడి ఉన్న పాత కలపను గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెడతాం. గ్యాసు వచ్చినా నీళ్లు కాగడానికి కట్టె కావాలి కదా! కాదంటే పాత సామాన్ల బండివాడు వస్తే ఇనుముతో పాటు కలిపి తూకానికి ఇచ్చేస్తాం.

రైతు సోదరులారా! ఆ కుప్పలో ఏముందో ఒక్కసారి వంగి చూడండి. విరిగిన కాడి ఉంటుంది. నాగలి మేడి ఉంటుంది. గొర్రు ఉంటుంది, దాని జడ్డిగం ఉంటుంది. బండి చక్రం ఊడిపోతే మిగిలిన పూటీలు, ఆకులు ఉంటాయి. ఇవన్నీ మన నాన్నలు, తాతలు ఏరి కోరి తెచ్చిన చేవ కట్టెలు. ముప్పై నలభై ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, ఇక వంకర పోవడానికి గాని పగలడానికి గాని ఏమీ మిగలని కలప. ఇంత బాగా ఆరిన కట్టె అడితిలో డబ్బు పెట్టినా దొరకడం కష్టం. దాన్ని మనం ఒక్క పూట నీళ్లు కాచుకోవడానికి వాడేస్తున్నాం.

ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోయాయి. ఎద్దులు పోయాక బండి, నాగలి మూలకు చేరాయి. 2015లో రాజధాని కోసం భూసమీకరణకు పొలాలిచ్చిన కురగల్లు, నిడమర్రు, కృష్ణాయపాలెం వంటి ఊళ్లలోనైతే ఎడ్లతో పాటు సేద్యమూ పోయిన ఇళ్లున్నాయి. ఈ సామాన్లు ఇక పొలానికి పనికిరావు. ఆ మాట నిజమే. అయితే వాటితో మీ పిల్లలకు, మనవళ్లకు నాలుగు ఆట వస్తువులు చేయవచ్చు. ఖర్చు మేకులు, జిగురు, ఉప్పు కాగితం, అంతే. మిగతాదంతా మీ ఓపిక.

ఏ కట్టె దేనికి?

ముందుగా ఇంట్లో ఉన్నది ఏ కలపో గుర్తుపట్టాలి. కొద్దిగా గీకి చూస్తే రంగు, వాసన చెప్పేస్తాయి.

నల్ల తుమ్మ: బండి, నాగలి భాగాలు ఎక్కువగా దీనితోనే చేసేవారు. లోపలి చేవ ముదురు ఎరుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది. బరువు, గట్టితనం ఎక్కువ. ఉలి త్వరగా మొండిపడుతుంది. బొంగరాలకు, ఇరుసులకు, చిన్న చక్రాలకు దీనికి మించింది లేదు.

వేప: పురుగు తొందరగా పట్టదు. నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు చీరుకుంటుంది. ఆకురాయితో నెమ్మదిగా అరగదీస్తే నున్నగా వస్తుంది. బొమ్మల ఒంటికి, పలకలకు బాగుంటుంది.

చింత: మాంసం కొట్టే మొద్దు చింతదే ఎందుకు పెడతారు? ఎంత నరికినా చీలదు కాబట్టి. చిన్న సుత్తులకు, గరిటెలకు మంచిది.

టేకు: పాత గుమ్మాలు, కిటికీల ముక్కలు. మెత్తగా తెగుతుంది, వంకర పోదు. కొత్తగా పని నేర్చుకునేవారు దీనితో మొదలుపెట్టడం మేలు.

తాడి: పైన ఉక్కులాగా, లోపల దూదిలాగా ఉంటుంది. ఈనెలు చేతిలో గుచ్చుకుంటాయి. పిల్లలు పట్టుకునే వస్తువులకు వద్దు.

పరాయి దేశపు చెట్లు, మన గట్ల మీద

బొమ్మలకు విదేశీ కలప వాడతారని పట్నంలో గొప్పగా చెప్పుకుంటారు. మన గట్ల మీద ఉన్నది విదేశీ కలప కాదా?

సర్కారు తుమ్మనే తీసుకోండి. దీని సొంత ఊరు అమెరికా ఖండం. 1877 ప్రాంతంలో జమైకా దీవి విత్తనం మన కడప జిల్లా కమలాపురం చేరింది. అప్పటి మద్రాసు రాష్ట్ర అటవీ శాఖ వారు కట్టెల కోసం నాటించారు. సర్కారు వేయించిన చెట్టు కాబట్టి సర్కారు తుమ్మ అయింది. ఇవాళ చెరువు కట్టలు, డొంకలు, బంజర్లు అన్నీ దానివే. రైతుకు అదొక శత్రువు. ముల్లు గుచ్చుకుంటే వారం రోజులు నొప్పి. మనం దాన్ని కొట్టేది బొగ్గు కోసం, పొయ్యి కోసం మాత్రమే.

కాని దాని మొదలు కోసి చూడండి. బయట పసుపు పచ్చ చెక్క, లోపల చాక్లెట్ రంగు చేవ. ఆరేటప్పుడు కుంచించుకుపోవడం చాలా తక్కువ. అందువల్ల పగుళ్లూ తక్కువే. అమెరికాలోని టెక్సాస్‌లో దీని దగ్గరి చుట్టమైన మెస్కీట్ అనే చెట్టు కలపతో బల్లలు, కుర్చీలు, ఇంటి నేలకు పలకలు చేస్తారు. అక్కడ అది ఖరీదైన సరుకు. మన దగ్గర పొడవైన తిన్నని మాను దొరకదు. కాబట్టి బల్లలు కాకపోయినా బొమ్మలకు చక్కగా సరిపోతుంది. పసుపు పచ్చ చెక్కకు పురుగు పడుతుంది, దాన్ని చెక్కి పారేసి చేవ మాత్రమే వాడాలి.

సుబాబుల్‌ది మధ్య అమెరికా. 1980ల తర్వాత ప్రకాశం, గుంటూరు, కృష్ణా రైతులు కాగితం మిల్లుల కోసం ఎకరాలకు ఎకరాలు వేశారు. మిల్లుకు టన్నుల లెక్కన పోయాక కొమ్మలు, కొసలు మిగులుతాయి. లేత రంగు, ఒక మాదిరి గట్టితనం. చిన్న చక్రాలకు, పావులకు దీని కొమ్మలు చాలు.

నీలగిరి, సరుగుడు ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చాయి. గట్టివే కాని మెలి తిరుగుతాయి, పగులుతాయి. కర్రగా, గుంజగా వాడుకోవడమే మేలు. రోడ్డు పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరు కూడా అమెరికా ఖండపు చెట్టే. గాలివానకు విరిగిన కొమ్మ దొరికితే గిన్నెలు, తొట్లు చెక్కుకోవచ్చు. ఇక ఆటోనగర్ వంటి చోట్ల యంత్రాలు దిగే పెట్టెల చెక్క చాలావరకు పైన్. తెల్లగా, తేలికగా ఉండి చాకుకు కూడా తెగుతుంది.

కొండపల్లి, ఏటికొప్పాక నేర్పే పాఠం

కలప విలువ దాని ధరలో లేదు, చేతిలో ఉంది. ఈ మాటకు సాక్ష్యం మనకు కృష్ణ దాటితే కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్ల పొణికి. గుమ్మానికీ పనికిరాదు, దూలానికీ పనికిరాదు. అంత మెత్తన, అంత తేలిక. ఆ మెతకదనాన్నే అక్కడివారు బలంగా మార్చుకున్నారు. తల, చేతులు, ఒళ్లు వేర్వేరుగా చెక్కి, చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంటే చెక్కగా మిగిలిన పొట్టు కూడా మళ్లీ బొమ్మలోకే పోతుంది. ఆ బొమ్మల్లో దశావతారాలు, అంబారీ ఏనుగు ఉంటాయి. తాడి చెట్టెక్కే మనిషి, ఎద్దుల బండి కూడా ఉంటాయి. అంటే మన బతుకే వారికి బొమ్మ.

ఇప్పటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతున్న బొమ్మకు లక్క అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. చెట్ల గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. అంకుడు అంటే ఏమిటి? మేకలు తిరిగే గుట్టల మీద పెరిగే చిన్న చెట్టు. అంతే.

ముందు ఆరబెట్టండి

పాత పనిముట్ల కలపకు ఈ బాధ లేదు. పచ్చి కొమ్మ వాడదలచుకుంటే మాత్రం తొందరపడకూడదు. కట్టె ఆరేటప్పుడు గుండె నుంచి బెరడు వైపు కుంచించుకునే దానికన్నా, చుట్టూ వలయం వెంట ఎక్కువగా కుంచించుకుంటుంది. అందుకే గుండ్రంగా కోసిన పచ్చి బిళ్ల తప్పకుండా నెర్రె ఇస్తుంది.

పచ్చి కొమ్మను మూరెడు ముక్కలుగా కోసి, రెండు కొసలకూ మైనం గాని, మిగిలిపోయిన పెయింటు గాని పూయాలి. నీడలో, గాలి తగిలేలా, నేలకు తగలకుండా రెండు ఇటుకల మీద పేర్చాలి. ఎండలో పెట్టవద్దు. బొటనవేలు లావు కొమ్మకు రెండు మూడు నెలలు, మణికట్టు లావు దానికి అంతకు రెట్టింపు పడుతుంది. ఈ వేసవిలో కోసిన కొమ్మ సంక్రాంతికి పనికొస్తుందని లెక్క వేసుకోండి. నల్ల తుమ్మ దుంగలను చెరువు నీళ్లలో నానవేసి తర్వాత ఆరబెట్టడం పెద్దల పద్ధతి. కట్టెలోని పిండి పదార్థం నీళ్లలోకి దిగిపోతుంది, పుప్పి పట్టదు.

ఏమేం కావాలి?

చిన్న రంపం, అర అంగుళం ఉలి, సుత్తి, ఆకురాయి, చేతి బరమా, గరుకు ఉప్పు కాగితం ఒకటి, సన్నది ఒకటి, జిగురు. బరమా లేకపోతే ఊళ్లో వడ్రంగి దగ్గరకు వెళ్లండి. రంధ్రాలు, పెద్ద కోతలు ఆయన చేత చేయించుకుని కూలి ఇవ్వండి. మన నాగళ్లు, బళ్లు చేసి ఏటా కళ్లంలో మేర గింజలు తీసుకున్న కుటుంబాలవి. ట్రాక్టరు మన ఎద్దులతో పాటు వారి పనిని కూడా తీసుకుపోయింది. ఏ ముక్క ఎటు వాటంగా కోస్తే చీలదో చెప్పడం పుస్తకాలకన్నా వారికే బాగా తెలుసు.

1. చేవ బొంగరం

సర్కారు తుమ్మ లేదా నల్ల తుమ్మ చేవ ముక్క రెండు అంగుళాల లావు, మూడు అంగుళాల పొడవు తీసుకోవాలి. పైభాగం అంగుళం మేర వదిలి, కింది భాగాన్ని ముల్లంగి కొసలా సన్నంగా చెక్కాలి. చాకుతో కొంత, ఆకురాయితో కొంత. మేకు నేరుగా కొడితే చీలుతుంది. ముందు మేకుకన్నా సన్నటి రంధ్రం వేసి, తర్వాత దిగ్గొట్టాలి. మేకు తల కోసి, కొసను గుండ్రంగా అరగదీయాలి. మొన పదునుగా ఉండకూడదు.

తిప్పి చూడండి. ఊగుతోందంటే ఒక వైపు బరువు ఎక్కువ ఉందన్నమాట. ఏ వైపు ఒరుగుతుందో ఆ వైపు కొంచెం అరగదీసి మళ్లీ తిప్పాలి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే కదలకుండా నిలబడి తిరుగుతుంది. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఎటు అరగదీయాలో మీకన్నా ముందు వాడే చెబుతాడు.

2. నాడె పడవ

ఇది మంగళగిరి వారికే చెల్లిన వస్తువు. చేనేత ఇళ్లలో అరిగిపోయిన నాడెలు మూలన పడి ఉంటాయి. రెండు కొసలు మొనదేలి, నడుమ బోలుగా ఉండే నాడె చూడ్డానికే పడవలా ఉంటుంది. అడిగితే ఇచ్చేస్తారు. వారికి పొలం నుంచి నాలుగు ఎండు మిరపకాయలు పట్టుకెళ్లండి!

కొసలకు ఇనుప మొనలుంటే పీకేయాలి, లేదా మొద్దుబారేలా అరగదీయాలి. నడుమ ఖాళీలో ఒక చెక్క ముక్క బిగించి, దానికి రంధ్రం వేసి జానెడు వెదురు పుల్ల నిలబెట్టండి. మంగళగిరి బట్ట పేలిక ఒకటి తెరచాపగా కట్టండి. నీళ్ల తొట్టిలో వేసి చూడండి. పక్కకు ఒరిగితే పుల్ల ఎత్తు తగ్గించాలి, అడుగున సన్నని ఇనుప రేకు ముక్క కొట్టాలి. అప్పటికీ నిలవకపోతే అడుగున నాలుగు చక్రాలు పెట్టి నేల మీదే నడిపించండి. నేల మీద నడిచే పడవను చూస్తే పిల్లలకు ఇంకా నవ్వు.

3. ప్రభ బండి

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టని ఊరు మన వైపు అరుదు. పెద్దల ప్రభను చూసి పిల్లలు చిన్న ప్రభలు కట్టుకోవడం కూడా ఉన్నదే. వాటిని ఏడాదంతా నిలిచేలా చెక్కతో చేయవచ్చు.

పాత బండి పలకలోంచి 10 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ముక్క కోసుకోవాలి. బాగా ఆరిన సుబాబుల్ కొమ్మ నుంచి ముప్పాతిక అంగుళం మందాన నాలుగు బిళ్లలు చక్రాలకు కోయాలి. బిళ్ల రెండున్నర, మూడు అంగుళాల అడ్డకొలత ఉంటే చాలు. కొమ్మను కొంచెం ఏటవాలుగా కోస్తే బిళ్ల నెర్రె ఇవ్వడం తగ్గుతుంది గాని గుండ్రంగా రాదు. దాన్ని మళ్లీ గుండ్రంగా అరగదీసుకోవాలి. సరిగ్గా నడుమ రంధ్రం వేయాలి. ఇరుసు చిటికెన వేలు లావు తుమ్మ పుల్ల. రంధ్రం ఇరుసు కన్నా వెంట్రుక వాసి పెద్దదిగా ఉంటేనే చక్రం తిరుగుతుంది. ఇరుసు కొసకు చిన్న రంధ్రం వేసి, పెద్ద బండికి లాగానే శీల దోపాలి. శీల ఎందుకో పిల్లలకు చెప్పండి. శీల ఊడితే బండి ఏమవుతుందో కూడా చెప్పండి.

పలక మీద రెండు రంధ్రాలు వేసి, మూరెడు ఎత్తు వెదురు బద్దలు రెండు నిలబెట్టి, పైన వంచి కలపాలి. నడుమ అడ్డబద్దలు దారంతో కట్టాలి. రంగు కాగితాలు అతికించడం పిల్లల పని. కాగితం చిరిగితే మళ్లీ శివరాత్రికి కొత్తది అతికించుకుంటారు. బండి మాత్రం అదే ఉంటుంది.

4. పులి-మేక పలక

అరుగు మీద సున్నంతో గీసి ఆడుకున్న ఆటే. అరుగులు పోయాయి, గ్రానైటు గచ్చులు వచ్చాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు వేప లేదా టేకు పలక తీసుకుని నున్నగా చేయండి. గీతలను పెన్సిలుతో గీసి, ఉలి అంచుతో సన్నగా లోతు చేసి, బొగ్గు పొడి నూనెలో కలిపి రుద్దండి. పైన తుడిచేస్తే గీతలు మాత్రం నల్లగా నిలుస్తాయి. 3 పులులు నల్ల తుమ్మ చేవతో, 15 మేకలు సుబాబుల్ తెల్ల బిళ్లలతో చేస్తే రంగు వేసే పనే లేదు. కట్టె రంగే గుర్తు.

5. గాలి పిట్ట

ఇది ఆటకూ, సేద్యానికీ రెండింటికీ ఉపయోగం. పెట్టెల పైన్ చెక్క అర అంగుళం మందం ముక్క మీద అడుగు పొడవు పిట్ట బొమ్మ గీసి కోయండి. తోక పెద్దదిగా, తల చిన్నదిగా ఉండాలి. ముక్కు నుంచి మూడో వంతు దూరంలో అడుగున నిలువుగా రంధ్రం వేసి, పొడవాటి మేకు మీద వదులుగా నిలపాలి. మేకును గుంజ కొసన పాతాలి. గాలి తోకను నెడుతుంది, పిట్ట ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది.

మందు కొట్టే ముందు దాన్ని ఒకసారి చూడండి. గాలికి ఎదురుగా కొడితే మందు పైరు మీద కాదు, మీ ముఖాన పడుతుంది. పిట్ట ఎటూ నిలవకుండా గిరగిరా తిరుగుతుంటే ఆ పూట మందు జోలికి పోవద్దు.

మిగిలిన కర్రలతో పక్షి స్థావరాలు కూడా చేసుకోండి. నిలువు గుంజకు పైన మూరెడు అడ్డకర్ర కొట్టడమే. పత్తి, మిరపలో ఎకరాకు 8 - 10 పెట్టాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. పైరుకన్నా అడుగు ఎత్తు ఉండాలి. గోరింకలు, పాలపిట్టలు, పసుల పోలిగాళ్లు వాటి మీద వాలి పురుగులను ఏరుకు తింటాయి. జొన్న, సజ్జ వంటి పైర్లలో గింజ పాలు పోసుకునేసరికి స్థావరాలు తీసేయాలి. గాలి పిట్టను మాత్రం వీటికి దూరంగా, చేను చివర ఒక్కటే పెట్టండి. అది తిరుగుతుంటే నిజం పిట్టలు బెదురుతాయి.

ఈ కట్టె జోలికి పోవద్దు

* పురుగు మందు కలిపిన కర్ర, మందు డబ్బాలు పెట్టిన అటకల చెక్క. ఎంత కడిగినా వద్దు.
* గన్నేరు. చెట్టంతా విషమే. గరిటెకు, బొమ్మకు, చివరికి పుల్లకు కూడా పనికిరాదు.
* పాత రైలు స్లీపర్లు. చెడిపోకుండా తారు నూనె పట్టించి ఉంటారు.
* పాత రంగులున్న గుమ్మాలు. ఆ రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు ఉన్న వైపు చెక్క కోసి పారేయడమే మంచిది.
* దిగుమతి పెట్టెల మీద ముద్ర చూడండి. 'హెచ్‌టీ' అంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించినది, వద్దు.
* ఎర్రచందనం, శ్రీగంధం. చిన్న ముక్క అని ఎవరు తెచ్చి ఇచ్చినా తీసుకోవద్దు. కేసుల్లో ఇరుక్కుంటారు.

సొంత పొలంలోదైనా పెద్ద చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది. సంబంధిత అధికారిని అడిగి, అనుమతి అవసరమో కాదో తెలుసుకుని గొడ్డలి పట్టండి. నిజానికి ఈ బొమ్మలకు చెట్టు కొట్టే అవసరమే లేదు. పడిపోయినవి, విరిగినవి, మిగిలినవి చాలు.

రంపం, ఉలి పెద్దల చేతుల్లోనే ఉండాలి. పిల్లలకు ఉప్పు కాగితం, రంగులు ఇవ్వండి. అరగదీసేటప్పుడు ముక్కుకు తడి గుడ్డ కట్టుకోవాలి. మూడేళ్ల లోపు పిల్లలకు నోట్లో పట్టేంత చిన్న ముక్కలున్న బొమ్మ ఇవ్వకూడదు.

నూనె, రంగు

చేవ కట్టెకు రంగు ఎందుకు? నున్నగా అరగదీసి, అవిసె నూనె గుడ్డతో పలచగా పూసి, వారం రోజులు ఆరబెట్టి మళ్లీ ఒకసారి పూస్తే కట్టె మెరుస్తుంది. గానుగ పట్టిన నూనె వాడండి. పెయింటు కొట్లలో అమ్మే కాచిన అవిసె నూనెలో తొందరగా ఆరడానికి వేరే మందులు కలుపుతారు, బొమ్మలకు వద్దు. నూనె గుడ్డలను ఉండలా చుట్టి మూలన పడేయవద్దు. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి దండెం మీద ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

రంగే కావాలంటే డబ్బా మీద సీసం సంగతి చూసి కొనండి. 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. పేరూ ఊరూ లేని చవక డబ్బాలు వద్దు.

అమ్ముకోవచ్చా?

ఇదే అందరూ అడిగే ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, ఇంట్లో పిల్లలకు, చుట్టాలకు చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అమ్మకం సంగతి వేరు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతిపని వారికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల నమోదిత వాడకందారులకు దీని నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఫాల్గుణంలో మంగళగిరి తిరునాళ్లలో దుకాణం పెట్టాలనుకునేవారు ముందుగా చేతిపని వారిగా నమోదు చేయించుకోవాలి.

వడ్రంగం, బొమ్మల తయారీ సంప్రదాయ వృత్తిగా చేతితో చేసేవారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. శిక్షణలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000 సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రూపాయల వరకు రుణం ఇందులోని అంశాలు. కుటుంబానికి ఒక్కరికే. మీ ఊరి వడ్రంగికి ఈ సంగతి తెలుసో లేదో అడగండి. తెలియకపోతే ఈ పేజీ చూపించండి.

బొమ్మల మీద సేద్యపు అప్పు తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక ప్రభ బండికి కొత్తవారికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల కూలి లెక్క వేసి, దానికి మేకులు, జిగురు ఖర్చు కలిపి, కొనేవాడు ఆ ధర ఇస్తాడా అని చూసుకోండి. ఇస్తే చేయండి. ఇవ్వకపోతే మీ ఇంటికే చేసుకోండి, నష్టం లేదు. గట్టు మీద జాగా ఉన్నవారు అంకుడు, తెల్ల పొణికి మొక్కలు నాలుగు నాటి చూడవచ్చు. బొమ్మల పనివారికి కావలసిన కలప అది.

ఒక్క మాట. జడ్డిగం అంటే ఏమిటని మీ ఇంట్లో పదేళ్ల పిల్లను అడిగి చూడండి. కాడి, మేడి, పూటీ అన్న మాటలు అడగండి. తెలియదంటుంది. తప్పు ఆ పిల్లది కాదు, మనం చూపించలేదు. పాత నాగలి ముక్కతో చేసిన బండిని చేతిలో పెట్టినప్పుడు, ఈ కట్టె ఎక్కడిదని ఆ పిల్లే అడుగుతుంది. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర చాలా ఉంటుంది. అందుకని ఈసారి గొడ్డలి ఎత్తే ముందు ఆ కుప్పలోంచి మంచి ముక్కలు నాలుగు ఏరి, వాన తగలని చోట చూరు కింద పెట్టండి. మిగతాది పొయ్యికి ఎలాగూ సరిపోతుంది.